ఆపత్కాలమున టెలిఫోను

మన బుగ్గారము ప్రాంతమున బ్రదుకుతెరువునకై గల్ఫు దేశములకు పోయినవారు లేని వీధి యరుదు. గోదావరి పొంగినదని వినినతోడనే వారు ఇంటికి ఫోను చేయుదురు. అది పలుకనిచో వారి మనస్సెంత తల్లడిల్లునో మీలో పలువురెఱుగుదురు. ఇల్లు చెక్కుచెదరకున్నను, ఫోను మూగవోయినచో దూరమందున్నవారికి అది కూలినట్లే తోచును. కావున ఆపత్కాలమున టెలిఫోను ఏల చెడునో, దానిని నిలుపుట యెట్లో విచారింతము.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేది ఆదివారమునాడు హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమువద్ద తీరము దాటెను. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచెను. విద్యుత్ స్తంభములు నేలకొరిగెను. చేత ఫోనులుండియు నగరవాసులనేకులు తమ క్షేమమును బంధువులకు తెలుపజాలకపోయిరి. గాలి యడగిన పిమ్మటను ఈ యవస్థ వెంటనే తీరలేదు.

దీనికి కారణములు మూడు. మొదటిది విద్యుత్తు. కరెంటు పోయినచో టవరు బ్యాటరీలపై కొన్ని గంటలు, పిమ్మట డీజిలు జనరేటరుపై నడచును. చెట్లు కూలి బాటలు మూసికొనినచో డీజిలు చేరదు. రెండవది తీగ. మన మాట టవరువఱకే గాలిలో పోవును. అచ్చటనుండి చాలచోట్ల భూమిలో పాతిన గాజుతీగద్వారా సాగును. వఱద రోడ్డును కోసినచో తీగయు తెగును. మూడవది రద్దీ. టవరు ఒకమారు కొంతమంది మాటలనే మోయగలదు. అందఱు నొక్కసారి పిలిచినచో, ధర్మపురి జాతరలో ఇఱుకుసందున చిక్కిన బండ్లవలె ఏదియు కదలదు.

కారణము తెలిసిన నివారణోపాయము తోచును. తుఫాను రాకమునుపే డీజిలు నిలువచేయవలెను. ఒక తీగ తెగినను మాట సాగుటకు వేఱొక దారిని మఱియొక తీగ వేయవలెను. కూలిన టవరుకు బదులు బండిపై నమర్చిన టవరును తేవచ్చును. ఒక కంపెనీ టవరు పనిచేయనిచో, ఆ కంపెనీవారి ఫోనులను మఱియొక కంపెనీ టవరు తాత్కాలికముగా ఆదుకొనవచ్చును.

అన్నియు విఫలమైనపుడు హామ్ రేడియో కలదు. దానికి టవరుగాని తీగగాని అక్కఱలేదు. ఒక బ్యాటరీ, ఒక యేరియలు చాలును. 2004 డిసెంబరు 26న అండమానులను సునామీ ముంచినపుడు, అంతకుముందే రేడియో కార్యమునకై అచ్చటికేగియున్న శ్రీమతి భారతీ ప్రసాద్ గారును, ఆమె సహచరులును పోర్టుబ్లెయిరునుండి వార్తల నందించిరి. వారి సంస్థయగు ఔత్సాహిక రేడియో జాతీయ సంస్థకు హైదరాబాదే కేంద్రము.

మన కర్తవ్యమును కలదు. వరదదినములలో ఫోనును ముందే చార్జిచేసి, ఆటలకు వాడక దాచవలెను. మాటకంటె సందేశము మేలు. అది కొద్దిచోటనే యిముడును, దారి దొరకువఱకు వేచియుండును. ముఖ్యమైన నంబర్లను కాగితముపై వ్రాసికొనవలెను. దూరపు ఊరనున్న బంధువు నొకని ముందే యేర్పఱచుకొని, ఇంటివారందఱు ఆయనకే క్షేమము తెలుపుట మంచిది. ప్రాణాపాయమున 112కు పిలువవలెను. మన కంపెనీ సిగ్నలు లేకున్నను వేఱొకదాని సిగ్నలున్నచో ఆ పిలుపు పోవును.

మనము కబుర్లకై పట్టియుంచిన దారి, నీటినడుమ చిక్కినవాని కడపటి యాశ కావచ్చును. "క్షేమము" అని తెలిపి దారి విడుచుటయు పరోపకారమే.