ఆరోగ్య ప్రశ్నోత్తరములు: చలికాలపు వేటలో ఆహారపానీయములు

ప్రశ్న: నేను అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున సాఫ్ట్‌వేర్ ఉద్యోగము చేయుచున్నాను. వయస్సు 38. వచ్చే నవంబరులో జింకల వేటకు రమ్మని తోడి ఉద్యోగులు నన్ను పిలిచినారు. తెల్లవారకమునుపే చెట్టుమీది మంచె నెక్కి, చీకటిపడు వరకు కదలక మెదలక కూర్చుండవలెనట. మా యింట నున్న అమ్మగారు పులిహోర కట్టి యిత్తుననుచున్నారు. నీళ్లు త్రాగినచో మాటిమాటికి మంచె దిగవలసి వచ్చునని మిత్రులు ఉదయము నుండి గొంతు తడుపుకొనరట. నేనేమి తీసికొని పోవలెను?

జవాబు: మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది గనుక ఇక్కడి పాఠకులకు ఈ ప్రశ్నతో పని లేదు, మీరున్న రాష్ట్రమున మాత్రము, థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు వచ్చు శనివారమున మొదలై తొమ్మిది దినములు సాగు తుపాకివేట లైసెన్సు గలవారికి అనుమతింపబడినదే కావున, మీ ప్రశ్నకు సవిస్తరముగా సమాధానము చెప్పుచున్నాను. అన్నిటికంటె ముందుగా మనస్సున నిలుపుకొనవలసిన సంగతి ఒక్కటి గలదు: గడ్డకట్టు చలిలో దేహము తన అవసరములను తాను సరిగా తెలుపుకొనజాలదు. కాళ్లు చేతుల చర్మములోని రక్తనాళములు చలికి ముడుచుకొనగా రక్తము దేహమధ్యమునకు చేరును. అంతట మూత్రపిండములు ఒంటిలో నీరు అధికమైనదని భ్రమించి దానిని బయటికి పంపివేయును. మెదడు సైతము అదే భ్రమకు లోనై దప్పికను అణచివేయును. దీనికి తోడు, పొడిగాలిని పీల్చి వెచ్చజేసి విడుచుటలో కొంత నీరు, మంచె వరకు మంచులో నడచునపుడు మందపు దుస్తుల లోపల పట్టు చెమటలో కొంత నీరు, మనకు తెలియకయే పోవుచుండును. అందుచేత దప్పికయైనప్పుడు త్రాగుదము, ఆకలియైనప్పుడు తిందము అను ఇంటి నియమమును ఇంటివద్దనే విడిచి, అడవిలో గడియారమును చూచి తినుటయు త్రాగుటయు అలవరచుకొనవలెను.

గంటకొకసారి నాలుగైదు గుక్కల చొప్పున గోరువెచ్చని నీరు త్రాగుడు. మూత్రము చిక్కని పసుపుపచ్చగా నున్నచో నీరు చాలలేదని యర్థము. మంచె దిగవలసి వచ్చుననెడి బాధ నిజమే గాని, దానికి మూతగల వెడల్పు సీసా యొకటి వెంట నుంచుకొనుట ఉపాయము, దాహముతో మాడుట కాదు. నీళ్ల సీసాను సంచిలో తలక్రిందులుగా పెట్టుడు. నీరు పైభాగముననే మొదట గడ్డకట్టును గనుక మూత వద్ద మంచు పట్టదు. థర్మోస్ ఫ్లాస్కును ముందుగా మరుగునీటితో నింపి పది నిమిషములు వేడెక్కనిచ్చి, ఆ నీటిని పారబోసి, అటుపైన మిరియాల చారో పలుచని పప్పుచారో పోసినచో వేడి చాలసేపు నిలుచును. కాఫీ అలవాటున్నవారు ఒకటి రెండు కప్పులు త్రాగుటలో దోషము లేదు. సెలయేటి నీరు ఎంత తేటగా నున్నను జియార్డియా వంటి సూక్ష్మజీవులు అందుండవచ్చును గనుక, ఒక నిమిషము తెర్లకాచక త్రాగరాదు.

ఇక భోజనము. అమ్మగారి పులిహోర ప్రేమతో కట్టినదే యైనను మంచెమీదికి తగదు. అన్నము చలికి బిరుసెక్కి గొంతు దిగదు. చేతితొడుగులు తీసి తినవలసి వచ్చుటచే వ్రేళ్లు కొంకర్లు పోవును. అంతేగాక, రాత్రి వండి వంటింటి వెచ్చదనమున తెల్లవార్లు ఉంచిన అన్నములో బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి పెరిగి, మరల వేడిచేసినను నశింపని విషమును పుట్టించును. కావున పులిహోరను వేటకు ముందునాటి రాత్రి వేడివేడిగా ఆరగించి, మంచెమీదికి తొడుగులతోనే పట్టుకొని తినదగిన వాటిని కొనిపొండు. వేరుసెనగ చిక్కి, నువ్వులుండలు, సున్నుండలు, ఖర్జూరములు, కూర పెట్టి చుట్టిన చపాతీలు ఇందుకు శ్రేష్ఠములు. బెల్లము తక్షణశక్తి నిచ్చును. గ్రాముకు తొమ్మిది కాలరీలు గల నూనెయు నెయ్యియు మెల్లగా జీర్ణమై చాల గంటలు ఒంటిని వెచ్చగా నుంచును. నూరు గ్రాముల వేరుసెనగ గుండ్లలో 560 కాలరీలకు పైగా శక్తియు, సుమారు 25 గ్రాముల మాంసకృత్తులును గలవు. వేరుసెనగ చిక్కి చలికి రాయివలె గట్టిపడి పండ్లు విరుగునంతటి దగును గావున, దానిని సంచిలో గాక కోటు లోపలిజేబున ఉంచుకొనుడు. రెండు గంటలకొకమారు కొద్దికొద్దిగా తినుడు.

ప్రశ్న: నాకు 54 సంవత్సరములు. మధుమేహము, రక్తపుపోటు ఉన్నవి. గ్లిమిపిరైడ్ మాత్రలు వేసికొనుచు, రాత్రివేళ ఇన్సులిన్ తీసికొనుచున్నాను. మిన్నెసోటాలో మా అబ్బాయితో కలిసి వేటకు పోవలెనని కోరిక. తీపి పదార్థములు నాకు నిషిద్ధములు గదా, మరి ఏమి తినవలెను?

జవాబు: మీవంటి వారు బయలుదేరుటకు ముందు తమ వైద్యుని కలిసి, గుండె పరీక్ష చేయించుకొని, ఆనాటికి మందుల మోతాదు తగ్గించవలెనా యని తప్పక అడుగవలెను, ఏలయన మంచులో నడకయు చలియు దేహములోని చక్కెరను త్వరగా ఖర్చుచేయగా, గ్లిమిపిరైడు, ఇన్సులిన్ మాత్రము తమ పని మానవు. చక్కెర పడిపోయినపుడు పుట్టు వణకును చలివణకని మీరును, మీ కుమారుడును పొరబడుటకు అవకాశమున్నది. ఇదియే మిక్కిలి భయపడవలసిన విషయము. వణకు పుట్టిన వెంటనే తుపాకిని ప్రక్కన పెట్టి రక్తపరీక్ష చేసికొనుడు. 70 మిల్లీగ్రాములకు తక్కువైనచో, లేదా పరీక్షకు వీలు కానిచో, సుమారు 15 గ్రాముల గ్లూకోజు, అనగా నాలుగు గ్రాముల మాత్రలు నాలుగు, నమిలి మ్రింగి పదునైదు నిమిషముల తరువాత మరల చూచుకొనుడు. ఆ సమయమున ఇవి మీకు తీపి పదార్థములు కావు, ఔషధములు. చాక్లెటులోని కొవ్వు చక్కెరను ఆలస్యముగా రక్తమునకు చేర్చును. పండ్లరసపు సీసా గడ్డకట్టిపోవును. కావున మాత్రలే మేలు. మిగిలిన వేళలందు జొన్నరొట్టె, ఉప్పు లేని వేయించిన పల్లీలు, ఉడికించిన గ్రుడ్లు తినుడు. ఆవకాయయు, అంగళ్లలో అమ్ము ఎండుమాంసపు ముక్కలును ఉప్పుమయములు గనుక రక్తపుపోటు గల మీకు తగవు.

గ్లూకోమీటరును ఒంటికి ఆనుకొను జేబులో నుంచుడు. అది చలిలో తప్పుడు లెక్క చూపవచ్చును లేదా పనిచేయక పోవచ్చును. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్, కరిగి తేటగా కనబడినను గుణహీనము; దానిని పారవేయవలెను. కూలిన జింకను మంచులో ఈడ్చు పని మీది కాదు. చలి, బరువు రెండును ఒక్కసారిగా గుండెపై పడును. చిరకాలపు మధుమేహము గలవారికి గుండెపోటు వచ్చినను నొప్పి తెలియకపోవచ్చును. ఆయాసము, చెమట, తలతిరుగుట కనబడిన తక్షణమే 911కు ఫోను చేయవలెనని మీ అబ్బాయికి ముందుగానే చెప్పి ఉంచుడు.

ప్రశ్న: మా వారు వేటకు వెళ్లునపుడు స్నేహితులందరు చలికి విరుగుడని బ్రాందీ త్రాగుదురట. ఒక గుక్క నిజముగా వెచ్చదనము నిచ్చునా?

జవాబు: అమ్మా, ఇచ్చునది వెచ్చదనపు భ్రాంతి మాత్రమే. మద్యము చర్మములోని రక్తనాళములను విప్పార్చుటచే లోపలి వేడి పైకి ఉబికివచ్చి, మేను వెచ్చబడినట్లు తోచుచుండగనే ఆ వేడి గాలిలో కలిసిపోయి, దేహగర్భము చల్లబడును. వణకి వేడి పుట్టించుకొను శక్తియు సన్నగిల్లును. కాలేయము క్రొత్త చక్కెరను తయారుచేయుట మందగించును. మంచెమీద నుండి పడుట వేటగాండ్రకు గలుగు గాయములకు ముఖ్యకారణములలో నొకటి. మత్తులో తుపాకి పట్టుట ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు, విస్కాన్సిన్‌లో అది నేరము కూడ. బ్రాందీకి బదులు బెల్లము వేసిన వేడి అల్లపు టీ ఫ్లాస్కులో పోసి పంపుడు. త్రాగక తీరదనువారు తుపాకి ఖాళీచేసి తాళము వేసి, బసకు చేరి, భోజనము చేసిన పిమ్మట మితముగా పుచ్చుకొనవలెను. ఆ రాత్రి మరల చలిలోనికి పోరాదు, కారు నడుపరాదు.

ప్రశ్న: మా అల్లుడు వేటాడి తెచ్చిన జింకమాంసమును ఇంటిల్లిపాదియు తినవచ్చునా? మా అమ్మాయి ఇప్పుడు గర్భిణి. నాలుగేండ్ల మనుమడు కూడ ఉన్నాడు.

జవాబు: పెద్దలు కొన్ని నియమములతో తినవచ్చును, మీ అమ్మాయికిని మనుమనికిని సీసపు తూటాతో కొట్టిన జింకమాంసము పెట్టవలదు. అట్టి తూటా తగిలినప్పుడు పగిలి, కంటికి కానరాని సీసపు రేణువులు గాయమునకు చాల దూరము వరకు మాంసములో చెదరిపోవును. ఖీమా చేసినపుడు అవి అంతట కలిసిపోవును. గర్భస్థ శిశువు మెదడునకును, పసివారి మెదడునకును సీసము హానికరము. వచ్చే యేడు రాగి తూటాలు వాడుమని మీ అల్లునితో చెప్పుడు; గాయము చుట్టుప్రక్కల మాంసమును ధారాళముగా కోసి పారవేయుట పెద్దలకు కూడ మంచిది.

రెండవది, జింకలకు వచ్చు క్రానిక్ వేస్టింగ్ వ్యాధి. ఇది 2002లో విస్కాన్సిన్ జింకలలో బయటపడినది. మనుష్యులకు సోకినట్లు ఇంతవరకు నిర్ధారణ కాలేదు గాని, దీనికి మూలమైన ప్రియాన్ అను మాంసకృత్తు వంటవేడికి నశింపదు గనుక, వ్యాధి యున్నదని తేలిన జింకమాంసమును తినరాదని అమెరికా ప్రభుత్వపు రోగనియంత్రణ కేంద్రము చెప్పుచున్నది. మూడవది, సామాన్య సూక్ష్మజీవులు. జింక పడిన వెంటనే ప్రేగులు తీసి, మాంసమును 4 డిగ్రీల సెంటీగ్రేడుకు లోపల చల్లబరచవలెను. వండునపుడు ఖీమా నడుమ వేడి 71 డిగ్రీలకు చేరవలెను. ముక్కలను గూడ లోపల ఎరుపు మిగులనీయక ఉడికించుడు.

ఈ మూడు దోషములును రంగుచేతగాని, వాసనచేతగాని, రుచిచేతగాని తెలియునవి కావు. కావున జింక తలనుండి తీసిన నమూనాను క్రానిక్ వేస్టింగ్ వ్యాధి పరీక్షకు పంపి, ఫలితము వచ్చువరకు ఆ మాంసమును వేరుగా కట్టి, పైన జింక గుర్తుసంఖ్య వ్రాసి ఫ్రీజరులో దాచుడు. ఒక జింక మాంసమును మరియొక దానితో కలుపనీయకుడు. వంటింట మాంసపు థర్మామీటరు నొకటి కొనిపెట్టుకొనుడు.