గది నుంచి సముద్రం దాకా: నెట్‌వర్కుల కథ

పిల్లలూ, కంప్యూటర్ సార్ సెలవు పెట్టిన రోజు మాకు అరేంజ్‌మెంట్ పీరియడ్ పడింది. పరీక్ష దగ్గరలో ఉంది, ఆ పాఠమే తెలుగులో చెప్పమన్నారు మీ అన్నలూ అక్కలూ. బోర్డు మీద "పాన్" అని రాయగానే వెనక బెంచీలో నవ్వులు. కిళ్ళీ కొట్టు గుర్తొచ్చింది కాబోలు!

రెండు లేక అంతకంటే ఎక్కువ పరికరాలు సమాచారం ఇచ్చిపుచ్చుకునేలా కలిస్తే అది నెట్‌వర్క్. అది ఎంత మేర పరుచుకుందో దాన్నిబట్టి పేరు పెడతారు. మీ ఫోనూ, చెవిలోని బ్లూటూత్ ఇయర్‌ఫోనూ కలిస్తే పాన్, అంటే పర్సనల్ ఏరియా నెట్‌వర్క్. మామూలుగా పది మీటర్లు దాటితే పాట తెగిపోతుంది.

మన ల్యాబ్‌లో ఉన్నది ల్యాన్, లోకల్ ఏరియా నెట్‌వర్క్. ప్రతి కంప్యూటర్ నుంచీ ఒక కేబుల్ వెళ్ళి స్విచ్ అనే పెట్టెలో కలుస్తుంది. ఈ రాగి కేబుల్ 100 మీటర్ల దాకానే నమ్మకంగా పనిచేస్తుంది. అంతకు మించిన దూరమైతే మధ్యలో ఇంకో స్విచ్ పెట్టాలి, లేదా ఫైబర్ వేయాలి. ల్యాన్‌లో తీగలూ పెట్టెలూ అన్నీ మనవే. పాడైతే మనమే తీగ పట్టుకుని వెతుక్కోవచ్చు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. మేము పనిచేసిన ఒక బడిలో యూనిట్ టెస్టు పేపర్లు ప్రింటు తీయాల్సిన ఉదయం "నెట్ పోయింది, ప్రింటు రాదు" అని అందరూ చేతులెత్తేశారు. ఆ ప్రింటర్ ల్యాన్‌లోనే ఉంది. దానికి ఇంటర్నెట్‌తో పనే లేదు. మీట నొక్కితే పేపర్లు వచ్చేశాయి. బయటి దారి మూసుకున్నా ఇంట్లో గదుల మధ్య తిరగొచ్చు కదా!

ఒక నగరమంతా పరుచుకున్నది మాన్, మెట్రోపాలిటన్ ఏరియా నెట్‌వర్క్. ఊరంతటికీ లైన్లు లాగిన కేబుల్ ఆపరేటరును తలుచుకుంటే చాలు.

ఊళ్ళనూ రాష్ట్రాలనూ దాటితే వాన్, వైడ్ ఏరియా నెట్‌వర్క్. బదిలీల ఇళ్ళల్లో పుట్టిన మీకు రైలు రిజర్వేషన్ కంటే మంచి ఉదాహరణ ఏముంటుంది? 1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. తర్వాత ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలూ వచ్చాయి, కానీ చాలాకాలం ఎవరి లెక్క వాళ్ళదే. 1999లో ఆ ఐదూ ఒకదానితో ఒకటి కలిశాకే ఏ కౌంటర్ నుంచైనా ఏ ఊరి రైలుకైనా టికెట్ తీసుకునే వీలు కలిగింది. ఇలాంటి నెట్‌వర్కులన్నిటినీ కలిపే మహా నెట్‌వర్కే ఇంటర్నెట్.

వాన్‌లో దూరం ఎలా తెలుస్తుందో మాకు అండమాన్ పోస్టింగ్‌లో అర్థమైంది. అప్పట్లో పోర్ట్ బ్లెయిర్ (2024లో శ్రీ విజయపురంగా పేరు మారింది) నుంచి మాటలు ఉపగ్రహం మీదుగా వెళ్ళేవి. అది సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. పైకి వెళ్ళి కిందికి రావడానికే దాదాపు పావు సెకను. జవాబు తిరిగి రావడానికి ఇంకో పావు. "అన్నం తిన్నారా?" అని అడిగిన అమ్మ, అర సెకను నిశ్శబ్దం విని మళ్ళీ అడిగేది. సరిగ్గా అప్పుడే మా మొదటి జవాబు అక్కడ చేరేది. ఇద్దరం ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగిపోయేవాళ్ళం. మాట్లాడటం ఇష్టం లేక తటపటాయిస్తున్నామని ఆమె కొన్నాళ్ళు బాధపడిందట. ఆ సంగతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు గానీ మాకు తెలియలేదు.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి అండమాన్ నికోబార్ దీవులకు సముద్రగర్భ ఫైబర్ కేబుల్ ప్రారంభమైంది. మొత్తం పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. గాజు పోగులో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. లెక్క వేయండి: చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా 1,400 కిలోమీటర్లు అనుకుంటే, ఎంత సేపు? సెకనులో వెయ్యో వంతులు ఏడు! ఆ తర్వాత ఫోనులో అమ్మ మా జవాబు పూర్తి కాకముందే రెండో ప్రశ్న వేస్తోంది. అది మాత్రం కేబుల్ తప్పు కాదు.

ఈసారి ల్యాబ్‌లో సార్ అనుమతితో ఒక పని చేయండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పక్క కంప్యూటర్‌కు పింగ్ కొట్టండి. తర్వాత ఏదైనా విదేశీ విశ్వవిద్యాలయం సైట్‌కు కొట్టండి. వచ్చిన మిల్లీసెకన్లు నోటుబుక్కులో రాయండి. దూరదేశపు సైటుకు కూడా చిన్న సంఖ్య వస్తే ఆశ్చర్యపోకండి. దాని నకలు మనకు దగ్గర్లోనే ఏదో కంప్యూటర్‌లో పెట్టి ఉంటారు.