పాలు చాలడం లేదా? - ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బాబుకి మూడు వారాలు. సాయంత్రమైతే ఒకటే ఏడుపు. పాలిచ్చి పడుకోబెట్టిన పది నిమిషాలకే మళ్ళీ నోరు తెరుస్తాడు. మొదటి వారంలోలాగా రొమ్ములు బిగువుగా లేవు. ‘నీకు పాలు చాలడం లేదు’ అని మా అత్తగారు డబ్బా పాలు తెప్పించారు. రాత్రిపూట ఒక సీసా పడుతున్నాం. నాకు నిజంగానే పాలు తగ్గాయా?
- ఒక సోదరి, తణుకు

జవాబు: మీరు రాసిన లక్షణాల్లో పాలు తగ్గాయనడానికి రుజువు ఒక్కటీ లేదు. సాయంత్రాలు వెంటవెంటనే పాలడగడం ఈ వయసు పిల్లల్లో మామూలే. రొమ్ము మెత్తబడిందంటే బిడ్డ అవసరానికి తగ్గట్టు ఒళ్ళు సర్దుకుంటోందని అర్థం.

ఏడుపుని కాదు, తడిసిన గుడ్డల్ని లెక్కపెట్టండి. రోజుకి ఆరుసార్లకు తక్కువ కాకుండా, లేత రంగులో మూత్రం పోస్తుంటే పాలు అందుతున్నట్టే. రెండో కొలత బరువు. పుట్టిన కొత్తలో కాస్త తగ్గినా, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి చేరాలి. అక్కణ్ణుంచి రోజుకి 25-30 గ్రాములు పెరగాలి. 42 రోజుల దాకా ఇంటికొచ్చి బిడ్డను తూచడం ఆశా కార్యకర్త పనిలో భాగమే. అడగడానికి మొహమాటపడకండి.

ఇక ఆ సీసా సంగతి. బిడ్డ ఎంత లాగితే అన్ని పాలు ఊరతాయి. రొమ్ములో మిగిలిపోతే తయారీ తగ్గుతుంది. పాలు పట్టించే హార్మోను రాత్రిపూటే ఎక్కువగా ఉంటుంది, మీరు సీసా పడుతున్నది సరిగ్గా ఆ వేళకే. ఇలాగే సాగితే అత్తగారి మాట కొన్నాళ్ళకు నిజమైపోతుంది! బరువు సరిగ్గా పెరుగుతుంటే సీసా తీసేసి, రాత్రీ పగలూ కలిపి 8 నుంచి 12 సార్లు రొమ్మే ఇవ్వండి. బరువు పెరగకపోతే మాత్రం డబ్బా పాలు మీ అంతట మీరు ఆపొద్దు, ముందు పిల్లల డాక్టరుకి చూపించండి.

బిడ్డ పట్టు కూడా చూసుకోండి. చనుమొన ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్ళాలి, గడ్డం రొమ్ముకి ఆనాలి. చనుమొనలు పగిలి మంటపెడుతుంటే చాలాసార్లు పట్టు సరిగ్గా లేకపోవడమే కారణం.

అత్తగారితో వాదించే ఓపిక బాలింతకి ఎక్కడుంటుంది? బరువు రాసిన కాగితం ఆవిడ చేతికివ్వండి.

ప్రశ్న: నాకు సిజేరియన్ అయింది. మా అమ్మ వెల్లుల్లి కారం, నెయ్యి, అన్నం తప్ప ఇంకేమీ పెట్టడం లేదు. పప్పు తింటే బిడ్డకి వాయువట, నీళ్ళు తాగితే నాకు పొట్ట వస్తుందట. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతోంది.
- కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వెల్లుల్లి కారంతో తగాదా లేదు, తినండి. దాని వాసన పాలలోకి వస్తుంది. అలా వచ్చినప్పుడు పిల్లలు ఇంకాస్త ఎక్కువసేపు తాగారని పరిశోధనలో తేలింది కూడా. తగాదా అంతా పెట్టనివాటితోనే. పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకి దాదాపు 500 కేలరీలు ఎక్కువ కావాలి. పప్పు, గుడ్డు, ఆకుకూర, పెరుగు లేకుండా అది ఎక్కణ్ణుంచి వస్తుంది? పాలసొర చేప, మునగాకు, మెంతులు మంచి ఆహారమే, కావలిస్తే వండించుకోండి. బిడ్డ లాగకుండా అవే పాలు పట్టించేస్తాయని మాత్రం అనుకోకండి.

దాహమేసినప్పుడల్లా నీళ్ళు తాగాల్సిందే. సాగిన గర్భసంచి మామూలు స్థితికి రావడానికి దాదాపు ఆరు వారాలు పడుతుంది. మీ పొట్టకి కారణం అదీ, సాగిన కండరాలూ. నీళ్ళు కాదు. ఆస్పత్రిలో ఇచ్చిన ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పయ్యాక కూడా ఆరు నెలలు వేసుకోవాలి, పథ్యం పేరుతో అవి మానొద్దు.

ప్రశ్న: ఒకవైపు రొమ్ము గడ్డకట్టి ఎర్రబడింది, చలిజ్వరం వస్తోంది. ఆ పాలు పిండి పారబోయమంటున్నారు. బిడ్డకి ఇవ్వొచ్చా?
- విజయనగరం

జవాబు: ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. పాలు నిలవ ఉంటే వాపు ఎక్కువవుతుంది. గట్టిగా నలపకండి, చల్లని గుడ్డ వేయండి, జ్వరానికి పారాసెటమాల్ వేసుకోవచ్చు. ఒక రోజులో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. చీము పడితే కథ వేరేగా ఉంటుంది.

ప్రశ్న: ఎండలు మండిపోతున్నాయి. మూడు నెలల పాపకి మంచినీళ్ళు పట్టొచ్చా? వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించమంటున్నారు.
- అనంతపురం

జవాబు: తల్లిపాలలో 87 శాతం నీళ్ళే. ఆరు నెలలు నిండేదాకా విడిగా నీళ్ళు వద్దు, పాలే ఇంకో రెండుసార్లు ఎక్కువ ఇవ్వండి. వస అసలే వద్దు. తేనె ఏడాది నిండేదాకా ముట్టించకండి, అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి పసిపిల్లల నరాల మీద దెబ్బతీస్తుంది.

ప్రశ్న: వచ్చే నెలలో ఉద్యోగంలో చేరాలి. పాపకి ఆరో నెల. పాలు మాన్పించేయాలా?
- హైదరాబాద్

జవాబు: ఎందుకు మాన్పించడం? ఆరు నెలలు నిండగానే మెత్తని ఆహారం మొదలుపెట్టి, రెండేళ్ళ దాకా పాలిస్తూనే ఉండొచ్చు. పొద్దున్నే ఒకసారి, ఇంటికి రాగానే ఒకసారి, రాత్రంతా పాప అడిగినన్ని సార్లు ఇవ్వండి. మిగతా వేళలకి పిండి ఉంచండి. మూత ఉన్న స్టీలు గిన్నెలో తీసిన పాలు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంటాయి. మన వేసవిలో తీసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టడమే మేలు. పైన మీగడ తేలితే పాడయినట్టు కాదు. పొయ్యి మీద కాచకుండా, వేడినీళ్ళ గిన్నెలో ఉంచి, సీసా బదులు ఉగ్గుగిన్నెతో పట్టమనండి.

మీ ఆఫీసులో 50 మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ పనిచేస్తుంటే, ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో తెచ్చిన సవరణ నుంచీ ఉన్న నిబంధన ప్రకారం శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలి, అక్కడికి రోజుకి నాలుగుసార్లు మిమ్మల్ని వెళ్ళనివ్వాలి. బిడ్డకి 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు 1961 నాటి అసలు చట్టం నుంచీ ఉన్నవే. చేరే ముందే ఇవి కావాలని రాతపూర్వకంగా అడగండి.