ఇచ్చిన మాటల లెక్క



సిబ్బంది మొండితనమును వదలించు ఉపాయము చెప్పుమని నీవు వ్రాసిన తీరు నాకు నచ్చలేదు. రెండు దేశములలోని ఆఫీసులను ఒకటిగా కలుపవలెనని మీ ప్రధాన కార్యాలయమువారు నిశ్చయించి, అందుకు సిబ్బందిని సంసిద్ధులను చేయు భారమును నైరోబీలో నున్న నీకు అప్పగించిరి; మీటింగులో తలలూపిన వారందరును మరునాడు యథాప్రకారముగా పాత పద్ధతిలోనే పనిచేయుచున్నారని నీ ఆవేదన. ఆవేదన సహజమే. కాని ఏండ్ల తరబడి ఎండలో పల్లెలు తిరిగి సంస్థకు పేరు తెచ్చిన మనిషి నోరు మెదపక కూర్చున్నాడన్నచో, అది మొండితనమని తీర్పు చెప్పుటకు ముందు, ఆతని మనస్సులోని బరువేమో అడిగి తెలిసికొనవలదా? నీ ఉత్తరమంతయు వెదకినను, అట్లు అడిగినట్లు ఒక్క వాక్యమైనను నాకు కనబడలేదు.

మార్పును నడపుటకు జాన్ కోటర్ చెప్పిన ఎనిమిది మెట్లు నీకు కంఠస్థమే గనుక వాని జోలికి పోను. విలియం బ్రిడ్జెస్ 1991లో ప్రకటించిన గ్రంథములోని భావ మొక్కటి మాత్రము మననము చేసికొనుము: ఉత్తరువు ఒక తేదీనాడు అమలులోనికి వచ్చును గాని మనుష్యుని మనస్సు ఆ తేదీకి రాదు; అది మొదట పాతదానికి వీడ్కోలు చెప్పి, ఏదియు కుదురుకొనని నడిమికాలమును దాటి, ఆ పిమ్మట గాని క్రొత్తదానిలో కాలు మోపదు. ఉదాహరణకు, జర్మనీలో 2011 జనవరి 1వ తేదీన జీటీజెడ్, డీఈడీ, ఇన్‌వెంట్ అను మూడు సంస్థలు కలిసి జీఐజెడ్ అయినవి. ఒకటి సాంకేతిక సహకారమునకును, ఒకటి స్థానికులతో కలిసి పనిచేయు కార్యకర్తలను పంపుటకును, మరియొకటి శిక్షణకును పేరుపడినవి. పేరు ఒక్కనాటిలో మారును. పేరుతో పాటు పని అలవాట్లు కూడ ఆనాడే మారుననుకొనుట వట్టి భ్రమ.

మన అభివృద్ధి సహాయ రంగములో పాతదానికి చెప్పు ఆ వీడ్కోలు మరింత దుర్భరమగుటకు కారణము కలదు. వస్తువులు చేయు కర్మాగారములోని ఉద్యోగికి తన యజమానితోడిదే లావాదేవి; మన క్షేత్ర కార్యకర్త మాత్రము సంస్థ తరఫున మూడవవారికి మాట ఇచ్చియుండును. ఒకప్పుడు ఒక సంస్థ తన క్షేత్ర కార్యాలయమును మూసివేసి, అందలి సిబ్బందిని దూరముననున్న మరియొక ఆఫీసుకు మార్చుచుండగా నేను అచ్చట ఉంటిని. క్రొత్త సాఫ్ట్‌వేరులో నివేదికలు పంపుటకు శిక్షణ ఇచ్చుచుండగా, ఒక పెద్దవయసు కార్యకర్త తెర వంక చూచుచున్నాడే గాని ఒక్క అక్షరము కొట్టుటలేదు. శిక్షకుడు విసిగికొనెను. సాయంకాలము జీపులో నేను మెల్లగా అడుగగా, ఆతడు జేబులోని డైరీ తీసి చూపెను. పుట పుటకును ఒక ఊరి పేరు. దాని క్రింద, వానలకు ముందే చేతిపంపునకు విడిభాగములు తెత్తుననియు, మహిళా సంఘమునకు రెండవ వాయిదా సొమ్ము ఇప్పింతుననియు, సగములో నిలిచిన బడి గోడను పూర్తిచేయింతుననియు, తేదీలతో సహా వ్రాసియున్నది. "ఈ ఊళ్లకు ఇక ఏ ముఖము పెట్టుకొని పోవలెనండీ?" అని మాత్రము అనెను.

మరునాడు మేనేజరు శిక్షణను ఆపించి, ఆ డైరీని ముందు పెట్టుకొని కూర్చుండెను. కొన్ని పనులను ముగింపు బడ్జెటులోనే పూర్తిచేయించిరి. కొన్నిటిని స్థానిక ప్రభుత్వమునకు కాగితముమీద అప్పగించిరి. మిగిలినవి జరుగవని ఆ ఊళ్లకు పోయి చెప్పుటకు మేనేజరు తానే ఆ కార్యకర్త వెంట వెళ్లెను. ఆ తరువాత సాఫ్ట్‌వేరు నేర్చుకొమ్మని ఆతనిని ఎవరును బ్రతిమాలవలసిన అవసరమే రాలేదు. అమ్మాయీ, నా సిద్ధాంతమంతయు ఇంతే: మనిషిని క్రొత్త పనికి పిలుచుటకు ముందు, సంస్థ పేరిట ఆతడిచ్చిన మాటల లెక్కను సంస్థయే తేల్చవలెను. చెడ్డ వార్తను క్రింది ఉద్యోగిచేత మోయించి, పై అధికారి చాటున నుండుట అధర్మము.

ఆ లెక్క తేల్చుటకు వ్యవధి కావలెను. భారతదేశమునకు ఆర్థిక సహాయమును 2015 నాటికి నిలుపుదునని బ్రిటన్ 2012 నవంబరులోనే ప్రకటించినది. ఆ నిర్ణయము మంచిదా కాదా అను చర్చ యటుండనిమ్ము, చేపట్టిన పనులను ముగించుటకు గడువైనను మిగిలినది. 2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు విదేశ సహాయమును 90 దినములు నిలిపివేయగా, ఆ వారములోనే పనులు ఆపుడని ఆజ్ఞలు వెళ్లినవి. 1961లో పుట్టిన యూఎస్‌ఎయిడ్‌లో మిగిలిన కార్యక్రమములు ఆ జూలై 1 నాటికి విదేశాంగ శాఖ పాలైనవి. మీ కెన్యాలోనే మూతపడిన చికిత్సా కేంద్రముల వాకిట, మందుల కొరకు వచ్చిన రోగులకు సమాధానము చెప్పవలసివచ్చినది వాషింగ్టన్ అధికారులకు కాదు, అల్పజీతపు స్థానిక కార్యకర్తలకు. నీకు నెలల వ్యవధి కలదు. దానిని స్లైడులు దిద్దుటలో వ్యర్థపుచ్చకుము.

ఇంకొక మాట. బదిలీ అన్నప్పుడు విదేశీ ఉద్యోగికి మరియొక దేశము కలదు. స్థానిక కాంట్రాక్టుపై నున్న గుమాస్తాకును డ్రైవరుకును ఉన్నది ఆ ఊరొక్కటే. కనుక ఏది నిశ్చయమైనదో, ఏది కాలేదో, కానిది ఏ తేదీకి తెలియునో మూడు వరుసలుగా వ్రాసి, డ్రైవరు మొదలు డైరెక్టరు వరకు అందరికిని ఒక్క గడియలోనే చెప్పుము. తెలియనిదానిని తెలియదనుటకు జంకకుము. "అంతయు సవ్యముగా జరుగును" అను మాట మాత్రము నీ నోట రానీయకుము, అట్టి హామీ ఇచ్చుటకు నీకు అధికారము లేదు.

వచ్చు వారము మీటింగు పెట్టక, మీ క్షేత్ర కార్యకర్తలలో ఒకరి వెంట పల్లెకు పోయి, ఆతడు ఎవరికి ఏ మాట ఇచ్చియున్నాడో విని వ్రాసికొనుము. ఆ జాబితా పంపినచో, ఏది ముగింపవలెనో, ఏది అప్పగింపవలెనో మన మిద్దరమును కలిసి ఆలోచింతము.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న