పడకూడనిది పడితే

ముప్పై ఏళ్ల పైచిలుకు ఎగ్జిబిషన్లలో, పార్కుల్లో రైడ్ల మెకానిక్‌గా, ఆ తర్వాత మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌గా పనిచేశాను. రిటైరయ్యే రోజున కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. గొంతు పూడుకుపోయి సగమే చెప్పాను. మిగతా సగం కూడా కలిపి ఇప్పుడు రాస్తున్నాను.

1. ముందు వినడం నేర్చుకోండి.

నేను పనిలో చేరింది నాంపల్లి నుమాయిష్‌లో, జెయింట్ వీల్ దగ్గర హెల్పర్‌గా. 1938లో మొదలైన ఆ ఎగ్జిబిషన్‌కి జనం జనవరి 1 నుంచి వస్తారు. మా పని డిసెంబరు చలిలోనే మొదలయ్యేది. లారీల్లో విప్పి తెచ్చిన చక్రాన్ని చెక్క దిమ్మెల మీద లెవెల్ చూసుకుంటూ మళ్లీ నిలబెట్టాలి. మా మేస్త్రి స్క్రూడ్రైవర్ కొనను బేరింగ్ గూడు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. బాగున్న బేరింగ్ ఒకే శ్రుతిలో పాడుతుంది. అరిగినదైతే ఇసుక నమిలినట్టు గరగరలాడుతుంది. నాకు ఆ తేడా పట్టుబడటానికి రెండు సీజన్లు పట్టింది.

రోలర్ కోస్టర్ మొదటి ఎత్తు ఎక్కేటప్పుడు టక్ టక్ టక్ అని వినిపిస్తుంది కదా, దానికే పిల్లలు అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంటారు. ఆ చప్పుడు బండిని వెనక్కి జారనివ్వని ఇనుప నాలుకది. పళ్ల పట్టీ మీద ఒక్కో పన్ను దాటినప్పుడల్లా అది పడుతుంది. లాగే గొలుసు తెగినా బండిని ఆ పన్ను దగ్గరే పట్టేస్తుంది. ఆ లయలో ఒక్క టక్ తప్పినా నేను తల ఎత్తి చూసేవాణ్ణి.

2. మన రోజు గేటు తెరవకముందే సగం అయిపోతుంది.

పొద్దున ఐదున్నరకి, టార్చిలైటు చేతిలో పట్టుకుని పట్టాల వెంట నడక. కోస్టర్ బోగీకి చక్రాలు పట్టా మీద మాత్రమే ఉంటాయనుకుంటారు చాలామంది. పక్కన ఉంటాయి, కిందా ఉంటాయి. పట్టాను కింది నుంచి పట్టుకునే చక్రానికి 1919లో అమెరికాలో జాన్ మిల్లర్ పేటెంటు తీసుకున్నాడు. బోగీ శిఖరం దాటేటప్పుడు పైకి లేచిపోకుండా ఆపేది అదే. ఇన్నేళ్లలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు చేత్తో తడిమి చూసిన చక్రం అది.

నట్టు బిగించాక దాని మీద నుంచి కింది పలక మీదికి పెయింటుతో ఒక గీత గీస్తాం. గీత సూటిగా ఉంటే నట్టు కదల్లేదని అర్థం. విరిగిందంటే కదిలింది. అన్నీ చూశాక ఖాళీ బోగీలను తిప్పి, సంతకం పెట్టి, అప్పుడే ఆపరేటర్‌కి అప్పగిస్తాం.

3. చీపురు పట్టుకున్న మనిషి కూడా ఇన్‌స్పెక్టరే.

ఒక ఆదివారం మధ్యాహ్నం కోస్టర్ కింద ఊడ్చే ఒకామె నన్ను వెతుక్కుంటూ వర్క్‌షాపుకి వచ్చింది. కొంగు ముడి విప్పి ఒక నట్టు టేబుల్ మీద పెట్టింది. దాని మీద సగం పసుపు గీత ఉంది. "ఈడ రోజూ ఏమేం పడ్తయో నాకెరుకే సారూ. క్లిప్పులు, కర్చీపులు, చిల్లర పైసలు. ఇది ఎన్నడూ పడలే" అంది.

వెంటనే రైడ్ ఆపించాం. నలభై నిమిషాలు వెతికితే మూడో బోగీ పక్క చక్రం బ్రాకెట్‌లో ఒక బోల్టుకి నట్టు లేదు. మిగతా మూడు పట్టి ఉన్నాయి గనక ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. ఆ పొద్దున చూసి సంతకం పెట్టింది నేనే. గీత మీద గ్రీజు పేరుకుపోయి ఉంది. తుడిచి చూడాల్సిన చోట చూసి వదిలేశాను. చేటలోకి ఎత్తి డబ్బాలో పారేయడానికి ఆమెకు ఒక్క క్షణం చాలు. ఆమె పారేయలేదు. ఆ మాట తలచుకుంటే ఈరోజుకీ నా ఒళ్లు జలదరిస్తుంది.

4. ఆపిన వాణ్ణి తిట్టకండి.

ఈ తప్పు కూడా నాదే. వేసవి సెలవులు, క్యూ మలుపు తిరిగి బయటిదాకా పోయింది. కొత్త ఆపరేటర్ కుర్రాడు ఏదో చప్పుడు విన్నానని ఎర్ర బటన్ నొక్కాడు. చూస్తే ఏమీ లేదు. "ఊరికే ఆపుతావేంట్రా, పైనున్న వాళ్లందరూ గోల పెడుతున్నారు" అని అందరి ముందూ కసిరాను. వారం తిరక్కముందే వేరే రైడ్ మీద ఒక అమ్మాయి చున్నీ గాలికి లేచి తిరిగే ఇరుసు వైపు పోతోంది. కుర్రాడి చెయ్యి బటన్ మీదే ఉంది. కానీ నొక్కేముందు నా వైపు చూశాడు. రెండు సెకన్లు ఉంటుందేమో. చున్నీ చిరిగింది, పిల్లకి ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున అందరినీ నిలబెట్టి, వాళ్ల ముందే వాణ్ణి క్షమించమని అడిగాను. ఎందుకు ఆపావని కాదు, ఏం విన్నావని అడగాలి.

5. నీళ్ల దగ్గర ముక్కుని నమ్మకండి.

ఈత కొలను దగ్గర ఘాటు వాసన వస్తే, మందు బాగా వేశారు, నీళ్లు శుభ్రంగా ఉన్నాయి అనుకుంటారు. నిజానికి క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసినప్పుడు పుట్టే క్లోరమైన్ల వాసన అది. నీళ్లు అలసిపోయాయని దాని అర్థం. స్వేచ్ఛగా మిగిలిన క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. మన ఎండకి క్లోరిన్ గంటల్లో విరిగిపోతుంది. అందుకే మే నెలలో పంప్‌రూమ్ వాళ్లకి తీరిక ఉండదు. పరీక్ష గొట్టంలో నీళ్లు పట్టడం, రంగు పోల్చడం, రాసుకోవడం, మళ్లీ వెళ్లడం. ఇసుక ఫిల్టర్లలోకి నీళ్లను ఎదురు పంపి కడగడం. యాసిడ్ క్యాన్, క్లోరిన్ క్యాన్ ఒక గదిలో పెట్టనివ్వకండి. రెండూ కలిస్తే విషవాయువు. ఆ గదుల్లో ఫ్యాను పనిచేస్తోందా, మాస్కు ఉందా అని పైవాళ్లు అడిగే దాకా ఆగకండి, మీరే వెళ్లి చూడండి.

6. మునిగే మనిషి అరవడు.

నోరు నీటి పైకి వచ్చేది ఊపిరికే, పిలవడానికి కాదు. అందుకే లైఫ్‌గార్డు కళ్లు తిప్పడు. అతన్ని పలకరించకండి, టైమెంతయిందని అడగకండి. గంట కాగానే అతన్ని నీడకి పంపి వేరే మనిషిని నిలబెట్టండి.

7. బొమ్మ వేషం లోపల మనిషి ఉన్నాడు.

ఫ్లోరిడాలో 1971లో తెరిచిన డిస్నీ వాళ్ల మ్యాజిక్ కింగ్‌డమ్‌లో, జనం నడిచే వీధుల కింద పనివాళ్లకి వేరే దారులున్నాయి. వేషాలు మార్చుకోవడం, భోజనం, సామాను మోత అన్నీ అక్కడే. అక్కడి నేలలో నీరు పైనే ఉండటంతో ఆ దారులను నేల మట్టంలో కట్టి, పార్కుని వాటి మీద లేపారు. నాకు నచ్చిందేమిటంటే, పనివాళ్లకి ఒక చోటు కావాలని పార్కు నక్షా గీసేటప్పుడే అనుకున్నారు. మన దగ్గర మే ఎండలో ఎలుగుబంటి వేషం వేసుకున్న కుర్రాడు జనరేటర్ గది గోడ నీడన కూర్చుని నీళ్లు తాగడం చూశాను. అతనికి కూలర్ ఉన్న గది కోసం మూడేళ్లు కాగితాలు పెట్టాను. చివరికి వచ్చింది. మీరూ పెట్టండి.

8. పేరు రాయండి.

నట్టు దొరికిన రోజున రిజిస్టర్‌లో 'లోపం గుర్తించినవారు' అన్న గడిలో టెక్నీషియన్ నంబరు వేయాలి. ఊడ్చే ఆమె కాంట్రాక్టు మనిషి, ఆమెకి నంబరు లేదు. పేరు రాశాను. తర్వాత ఆఫీసులో ఒకరు అది కొట్టేయమన్నారు, కొట్టేయలేదు. మరుసటి ఏడాది కాంట్రాక్టరు మారాడు. ఆమెతో సహా పాతవాళ్లందరూ ఒక్క రోజులో వెళ్లిపోయారు. అక్కడ ఏం పడుతుందో, ఏం పడకూడదో తెలిసిన కళ్లు ఒక్క జత కూడా మిగల్లేదు.

కొత్త బ్యాచ్ వచ్చిన పొద్దున డ్రాయరులోంచి ఆ నట్టు తీసుకెళ్లాను. ఒక్కొక్కరి చేతిలో పెట్టి బరువు చూడమన్నాను. అందరూ చూసి పక్కవాళ్లకి ఇచ్చేశారు. చివర నిలబడ్డ అమ్మాయి దాన్ని తిప్పి చూసి, "ఈ పసుపు గీత ఏంది సారూ?" అని అడిగింది. పని మొదలవడానికి ఇంకా అరగంట ఉంది. ఆ అమ్మాయిని పట్టాల కిందికి తీసుకెళ్లాను.