విరమణ లేని కొలువు

తెలుగున 'కొలువు' అను మాటకు రెండర్థములు కలవు. జీవనోపాధికై మనుజుడు చేయు ఉద్యోగము కొలువు. స్వామి పరివారసమేతుడై ఆసీనుడగు సభయు కొలువే. తిరుమల ఆలయమున ఉదయము తోమాలసేవ ముగిసిన పిమ్మట కొలువు శ్రీనివాసమూర్తిని వేంచేపు చేసి, ఆనాటి పంచాంగమును, క్రిందటి దినపు ఆదాయ వివరములను విన్నవించుట నేటికిని జరుగుచున్నది. మొదటి కొలువునకు పదవీవిరమణ కలదు. రెండవదానికి లేదు. ఈ రెండింటి నడుమ నిలిచిన వృద్ధుడు ఏమి కోరవలెను, ఏమి చేయవలెను, తన్ను ఎవరు తలచుకొందురని నమ్మవలెను అను మూడు విషయములను ఇచ్చట విచారింతము.

ఉద్యోగము ముగిసినవాని మూడు ప్రశ్నలు

ఇతర ఉద్యోగులకు విరమణ వార్ధక్యముతో కూడ వచ్చును. సైనికునకు అది ముందే వచ్చును. సిపాయిగా చేరినవాడు 40 ఏండ్లకు అటునిటుగా ఇంటిదారి పట్టును. మన దక్షిణ రాయలసీమ పల్లెలనుండి సైన్యమున చేరి, సరిహద్దులలో కాలము గడిపి, తిరిగి వచ్చినవారు అనేకులు కలరు. వారిలో నేనును ఒకడను. సైన్యమున ఉన్నన్నాళ్లు మనకొక సంఖ్య యుండును, హోదా యుండును, మన మాటకు బదులు పలుకువారు ఉందురు. ఇల్లు చేరిన నాడు అవి యన్నియు దుస్తులతో పాటు పెట్టెలోనికి చేరును. పిమ్మట మరియొక ఉద్యోగము దొరకవచ్చును. అదియు కొన్నాళ్లకు ముగియును.

ప్రతి సంవత్సరము నవంబరు మాసమున పింఛనుదారు తాను జీవించియున్నట్లు ధ్రువపత్రము సమర్పింపవలెను. అది న్యాయమైన నియమమే. దానిని నిందింపబనిలేదు. కాని వరుసలో నిలిచిన ముదుసలి మనస్సులో మూడు ప్రశ్నలు మెదలుచుండును. నేనిపుడు ఎవడను? నావలన ఇక ప్రయోజనమేమి? నేను పోయిన పిమ్మట నన్ను తలచువారెవరు? ఈ మూడింటికిని వేంకటాద్రి చరిత్రలోనే సమాధానములు కలవు.

కులశేఖరుని కోరికలు

మొదటి ప్రశ్నకు సమాధానము కులశేఖరాళ్వారు. ఆయన చేరదేశమును ఏలిన రాజు. కుంభమాసమున పునర్వసు నక్షత్రమున కౌస్తుభాంశమున అవతరించినట్లు గురుపరంపరలు చెప్పుచున్నవి. ఒకనాడు రామాయణ శ్రవణము చేయుచుండగా, పదునాలుగువేల రాక్షసులను శ్రీరాముడు ఒంటరిగా ఎదుర్కొన్న ఘట్టము వచ్చెను. వెంటనే ఆ రాజు ఆసనమునుండి లేచి, రామునకు తోడుగా సేనలను నడుపుడని ఆజ్ఞాపించెనట! యుద్ధమెరిగినవానికి ఈ కథ నవ్వు పుట్టింపదు. ఒంటరిగా నిలిచినవానికి తోడు పోవుట సైనికుని మొదటి ధర్మము. ఆ రాజునకు కథకును కాలమునకును భేదము తోచలేదు. స్వామి ఒంటరిగా ఉన్నాడు, నా సేన ఇచ్చటనున్నది అని మాత్రమే తోచెను.

అట్టి రాజు రాజ్యమును కుమారునకు అప్పగించి శ్రీరంగమునకు వెడలెను. 105 పాశురముల 'పెరుమాళ్ తిరుమొళి' ఆయన కృతి. దానిలో నాల్గవ దశకము తిరువేంకటమును గూర్చినది. అందు ఆయన అడిగిన వానిని వరుసగా చూడుడు. స్వామిపుష్కరిణిలో కొంగనైనను చాలునన్నాడు. కొండసెలయేటిలో చేపనైనను చాలునన్నాడు. పిదప స్వామికి బంగారుపాత్ర పట్టు పరిచారకుని భాగ్యమును కోరెను. అటుపిమ్మట సంపెంగచెట్టు, స్తంభము, శిఖరము, అడవి యేరు, భక్తులు నడచు బాట, చివరకు స్వామి వాకిట మెట్టు. ఆపైన అదియు వదలి, ఆ కొండపై ఏదైనను ఒకటి అగుదునన్నాడు.

ఈ క్రమములో గొప్ప పాఠము కలదు. కొంగకు రెక్కలున్నవి, ఎగిరిపోవచ్చును. చేప నీరింకినచో నశించును. పరిచారకుడు అంతఃపురము వరకు పోగలవాడే, కాని అది యొక పదవి. ఇచ్చినవారు తీసికొనగలరు, దానివెంట కొంచెము గర్వమును రావచ్చును. అందుచేతనే కాబోలు, ఆళ్వారు అచ్చట ఆగక చెట్టునకు, రాతికి, బాటకు దిగెను. హోదాలనన్నిటిని ఒక్కొక్కటిగా విడిచి, ఎవరును ఊడబెరుకలేని స్థానమునకు చేరెను. రాజునకు వారసుడు రావచ్చును, సేనాపతికి విరమణ రావచ్చును, మెట్టునకు రాదు.

నేడు తిరుమలలో గర్భాలయమునకును శయనమండపమునకును నడుమనున్న గడపకు 'కులశేఖరపడి' అని పేరు. ఇతర వైష్ణవాలయములలోను గర్భాలయపు గడపకు ఇదియే పేరు. ఆయన కీర్తిని అడుగలేదు. పాదములక్రింద చోటు అడిగెను. అయినను ఆ పేరు నేటికిని నిత్యము పలుకబడుచున్నది. నేనెవడను అని అడుగు వృద్ధుడు మునుపటి హోదాను చెప్పుకొనుట మాని, స్వామివారి వాకిట నేనొకడను అని చెప్పుకొన్నచో ఆ సమాధానము ఎన్నటికిని చెడదు.

తిరుమలనంబి మోసిన నీరు

రెండవ ప్రశ్నకు సమాధానము తిరుమలనంబి. ఈయన భగవద్రామానుజులకు మేనమామ, ఆచార్యులును. ఆలయమునకు సుమారు 5 కి.మీ. దూరమున నున్న పాపవినాశనమునుండి ప్రతిదినము అభిషేకమునకు తీర్థమును తలపై మోసి తెచ్చెడివారు. వయస్సు పైబడినను ఆ కైంకర్యమును మానలేదు. ఒకనాడు స్వామి వేటగాని రూపమున దారిలో ఎదురై, 'తాతా' అని పిలిచి దాహమడిగి, కుండకు చిల్లువేసి నీరు త్రాగెనని ఐతిహ్యము. తీర్థము పోయినదని నంబి దుఃఖింపగా, స్వామి బాణముతో కొండను కొట్టి, దగ్గరలోనే ఆకాశగంగను వెలయించెను. ఈ వృత్తాంతమునకు గుర్తుగా తిరుమలలో ప్రతి సంవత్సరము 'తన్నీరముదు' ఉత్సవము జరుగుచున్నది.

ఇచ్చట పాఠకులు ఒక్క విషయము గమనింపవలెను. ముసలివాడు అలసినాడని స్వామి ఆతని సేవను మాన్పింపలేదు. 'తాతా, నీవిక కూర్చుండుము, మరియొకడు తెచ్చునులే' అనలేదు. దూరమును మాత్రము తగ్గించెను. కుండ నంబి తలపైననే ఉండెను. ఆకాశగంగ ఆలయమునకు సుమారు 3 కి.మీ. దూరముననే యున్నది.

గృహస్థులు దీనిని తమ యిండ్లలో ఆచరింపవలెను. పెద్దవారిని, 'మీరేమియు చేయవద్దు, ఊరక కూర్చుండుడు' అనుట ప్రేమతోనే అందుము. కాని ఆ మాట వినినవానికి రెండవసారి పదవీవిరమణ జరిగినట్లుండును. పని మాన్పుటకంటె దూరము తగ్గించుట మేలు. తులసికోట మిద్దెపైనుండినచో పెరటిలోనికి దింపుడు. పూలబుట్టను తాతగారి మంచముకడకు తెచ్చి మాల కట్టుమని అడుగుడు. పెద్ద అక్షరముల రామాయణము చేతికిచ్చి, మనుమలకు రోజుకొక ఘట్టము చెప్పింపుడు. నంబిగారు రామానుజులకు ఒక సంవత్సరకాలము రామాయణార్థములను ఉపదేశించినట్లు గురుపరంపర చెప్పుచున్నది. మోయలేని వయస్సున చెప్పగల శక్తి మిగిలియుండును.

పెద్దవారికిని ఒక మాట. ఇల్లు సేనాశిబిరము కాదు. కోడండ్రు, మనుమలు మన ఆజ్ఞలకొరకు వరుసలో నిలిచినవారు కారు. చిన్న పనిని అడిగి పుచ్చుకొనుట నేర్చుకొనవలెను. ఉపవాసములు, కొండనెక్కుట మొదలగునవి శరీరస్థితి ననుసరించి చేసికొనవలెను. కాలినడకన పోలేనివాడు బస్సులో పోయినంతమాత్రమున భక్తి తగ్గదు. శక్తియున్నవారికి కొండపై చేయదగిన పనులును కలవు. 2000వ సంవత్సరమున ఆరంభమైన శ్రీవారి సేవలో ఎందరో స్త్రీపురుషులు యాత్రికులకు తోడ్పడుచున్నారు.

తలచువారెవరు?

ఇక మూడవ ప్రశ్న. ఇది అన్నిటికంటె లోతైనది. మహాద్వారము దాటునపుడు యాత్రికుడు కుడివైపు గోడపైకి చూడవలెను. అచ్చట ఒక గునపము కనబడును. శ్రీరామానుజుల యాజ్ఞచే పుష్పకైంకర్యమునకు కొండకు వచ్చిన అనంతాళ్వాను చెరువు త్రవ్విన గునపమది. లోపలికి రాగానే కుడిప్రక్క మండపమున శ్రీకృష్ణదేవరాయలు తిరుమలదేవి, చిన్నాదేవులతో చేతులు జోడించి నిలిచిన విగ్రహములు కలవు. రాయలు 1509 నుండి 1529 వరకు రాజ్యమేలెను. 1513లో మొదటిసారి కొండకు వచ్చెను. 1514లో ఉదయగిరి విజయానంతరము మరల వచ్చి స్వామికి కనకాభిషేకము చేసెను. అంతటి యుద్ధవీరుడు ఇచ్చట గుర్రముపై లేడు. చేత కత్తి లేదు. నమస్కరించు భక్తునిగానే మనకు మిగిలెను. ఆలయద్వారమున వ్రేలాడుచున్నదియు ఖడ్గము కాదు, తోటపని చేసిన గునపము.

అనంతాళ్వాను పెంచిన పురుశైవారి తోటకు బ్రహ్మోత్సవముల మరునాడు స్వామివారు బాగ్ సవారిగా వేంచేయుదురు. తరిగొండ వెంగమాంబ పేర రాత్రి ఏకాంతసేవలో ముత్యాలహారతి జరుగుచున్నది. 2011లో తిరుమలలో ప్రారంభమైన అన్నప్రసాద భవనమునకు ఆమె పేరే పెట్టిరి. వీరి స్మృతి శిలలమీద నిలిచినది కాదు. వారు చేసిన పని స్వామి దినచర్యలో కలిసిపోయినందున నిలిచినది.

కాని మనబోటివారి మాట ఏమి? మనకు విగ్రహము లేదు, ఉత్సవము లేదు. రెండు తరములు గడచిన పిమ్మట పటములోని ముఖమును గుర్తించువారును ఉండకపోవచ్చును. అంతకుముందే మనము మనలనే మరచిపోవు వ్యాధియు రావచ్చును. కన్నబిడ్డ పేరు తోచని పెద్దలను మనము చూచుచున్నాము. ఆ స్థితిలో నామస్మరణ ఎట్లు? అంత్యకాలమున స్వామిని తలపనివాని గతి యేమి? ఈ భయము ఎందరో వృద్ధులు పైకి చెప్పుకొననిది.

దీనికి సమాధానము పుష్కరిణి గట్టునే యున్నది. తిరుమల ఆదివరాహక్షేత్రము. తొలిదర్శనము, తొలినైవేద్యము వరాహస్వామికి జరుగుట సంప్రదాయము. ఆ స్వామి భూదేవికి ఇచ్చిన అభయమునే వరాహచరమశ్లోకమని పెద్దలు వ్యవహరింతురు. దాని భావమిది: శరీరము, మనస్సు నెమ్మదిగా నున్న కాలమున తన్ను తలచినవాడు, కడపట కట్టెవలె, రాతివలె తెలివిలేక పడియున్నప్పుడు, వాని బదులు స్వామియే వానిని తలచును. తలచి పరమపదమునకు చేర్చును.

ఇచ్చట స్మరణభారము తారుమారైనది. చివరి గడియలో మనకు జ్ఞాపకశక్తి యుండవలెనను నిర్బంధము లేదు. బాగుగా ఉన్న ఈనాడు తలచిన చాలును. అక్కడ మనము జీవించియున్నామని ఏటేట నిరూపింపబనిలేదు. కనుక మరచిపోవుచున్న తల్లిదండ్రులు గల బిడ్డలు, 'అమ్మ నామము పలుకుటలేదే' అని దుఃఖింపనక్కరలేదు. ఆమె ఎన్ని శనివారములు దీపము పెట్టినదో, ఎన్ని వేకువజాములు గోవిందనామము పలికినదో ఆ స్వామికి తెలియును. ఆమె మరచినను ఆయన మరువడు.

ఈ మారు కొండకు పోవువారు వరాహస్వామి దర్శనమును త్వరలో దాటిపోక, ఒక్క నిమిషము నిలిచి ఈ అభయమును భావింతురుగాక. ఇంటనున్న పెద్దలకు తిరిగివచ్చి ప్రసాదముతో పాటు దీనినిగూడ చెప్పుదురుగాక. చేయగలిగిన చిన్న సేవను చేయుచు, చేయలేనిదానిని ఆయనకే విడిచి, విరమణ లేని ఆ కొలువులో మనమందరము చోటు సంపాదించుకొనునట్లు శ్రీవేంకటేశ్వరుడు అనుగ్రహించుగాక!