ట్రైలర్ ట్యాంకు నీళ్లు: ఫిల్టర్ ఎక్కడ, క్లోరిన్ ఎక్కడ?

వేసవి సెలవులు దగ్గరపడితే అమెరికాలోని పాఠకుల నుంచి ఒకే రకం ఉత్తరాలు వస్తుంటాయి. ట్రావెల్ ట్రైలర్ కొన్నాం, లేదా అద్దెకు తీసుకున్నాం, ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు, అందరం కలిసి ఎల్లోస్టోన్ బయల్దేరుతున్నాం, ఆ ట్యాంకులో నీళ్లు వాళ్లు తాగొచ్చా అని. ఈ వారం శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా ట్రైలర్‌కు 40 గ్యాలన్ల మంచినీళ్ల ట్యాంకు ఉంది. క్యాంప్‌గ్రౌండ్ కుళాయికి కార్బన్ ఫిల్టర్ బిగించి, దాని గుండానే ట్యాంకు నింపుతాను. టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తే 140 చూపిస్తోంది. అయినా వారం తిరిగేసరికి నీళ్లు ముక్కిపోయిన వాసన కొడుతున్నాయి. ఫిల్టర్ మార్చాలా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ఫిల్టర్ బాగానే ఉంది. మీరు బిగించిన చోటే సరైంది కాదు.

కార్బన్ చేసే ముఖ్యమైన పని నీళ్లలోని క్లోరిన్‌ను పీల్చేయడం. అందుకే నీళ్లు రుచిగా అనిపిస్తాయి. కానీ ఊరి నీళ్లలో ఆ క్లోరిన్ ఉన్నది మన పైపుల్లో, ట్యాంకుల్లో క్రిములు పెరగకుండా ఆపడానికే. అమెరికాలో కుళాయి నీళ్లలో అది లీటరుకు 4 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని నిబంధన. ఆ మోతాదు ఆరోగ్యానికి హాని చేయదు. మీరు దాన్ని ట్యాంకులోకి వెళ్లకముందే తీసేస్తున్నారు. కాపలావాణ్ని గేటు దగ్గరే పంపించేసి ఇల్లంతా తెరిచిపెట్టినట్టు అయింది. ఆ తర్వాత ఆ నీళ్లు ప్లాస్టిక్ ట్యాంకులో, ఎండలో, వారం రోజులు కదలకుండా ఉంటాయి. ట్యాంకు గోడలకు కంటికి కనిపించని జిగురు పొర పడుతుంది. ఆ పొరలోనే బ్యాక్టీరియా కాపురం పెడతాయి. మీకు వచ్చే వాసన దానిదే.

కాబట్టి వరస మార్చండి. కుళాయి దగ్గర ప్రెషర్ రెగ్యులేటర్, దాని వెనక ఇసుక, తుప్పు ఆపే 5 మైక్రాన్ల సెడిమెంట్ ఫిల్టర్, అక్కణ్నుంచి నేరుగా ట్యాంకు. క్లోరిన్ ట్యాంకులోకి వెళ్లనివ్వండి. కార్బన్ ఫిల్టర్‌ను పంపు తర్వాత, వంటగది సింకు కింద, తాగే కుళాయికి మాత్రమే పెట్టుకోండి. క్లోరిన్ వాసన గ్లాసులోకి వచ్చే ముందు పోతే చాలు. ఇంకో మాట. తడిసిన కార్బన్ కాట్రిడ్జ్ క్రిములకు మంచి ఇల్లు. పోయిన వేసవిలో వాడి గ్యారేజీలో పడేసినదాన్ని ఈ వేసవిలో మళ్లీ బిగించకండి.

టీడీఎస్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. హైదరాబాద్‌లో ఆర్వో యంత్రం అమ్మడానికి ఇంటికొచ్చే కుర్రాడు మొదట తీసేది ఆ మీటరే. దాంతో అంకె తక్కువ వస్తే మంచి నీళ్లు, ఎక్కువ వస్తే చెడ్డ నీళ్లు అనే లెక్క మనలో పాతుకుపోయింది. ఆ మీటర్ నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతోందో చూసి, కరిగిన లవణాలు ఎంత ఉండొచ్చో అంచనా కడుతుంది. అంతకుమించి దానికి తెలియదు. విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా పుష్కలంగా ఉన్న నీళ్లలోనూ అది 140 చూపించగలదు. దానికి బదులు క్లోరిన్ చూసే కాగితపు స్ట్రిప్స్ కొనుక్కోండి. వంటింటి సింకు పక్కన ఫిల్టర్ లేని కుళాయి నుంచి పట్టిన నీళ్లలో ముంచి చూడండి. రంగు అసలు మారకపోతే, ట్యాంకులో కాపలా అయిపోయిందన్నమాట. ఆ నీళ్లు వదిలేసి కొత్తవి నింపుకోండి.

ప్రశ్న: పాత ట్రైలర్ కొన్నాం. ట్యాంకు కడగడానికి బ్లీచ్ పోయమంటున్నారు. తాగే నీళ్ల ట్యాంకులో బట్టలకు వాడే బ్లీచా? వెనిగర్‌తో కడిగితే సరిపోదా?
– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: సరిపోదు. వెనిగర్ సున్నపు పొరను కరిగిస్తుంది, వాసనను కాస్త తగ్గిస్తుంది. క్రిములను నమ్మకంగా చంపేది బ్లీచే. మీ భయం నాకు అర్థమైంది. ఊరి నీళ్లను శుద్ధి చేసేదీ క్లోరినే కదా, మోతాదు తెలిస్తే భయం అక్కర్లేదు.

సువాసన కలిపినది, చిక్కగా చిందకుండా ఉండేలా తయారు చేసినది వద్దు. మామూలు బ్లీచ్, ఈ ఏడాది కొన్నది తీసుకోండి. పాతబడితే దాని బలం తగ్గిపోతుంది. ప్రతి 15 గ్యాలన్ల ట్యాంకుకు పావు కప్పు, అంటే 60 మిల్లీలీటర్లు. 40 గ్యాలన్ల ట్యాంకుకు 160 మిల్లీలీటర్లు అవుతుంది. ముందుగా ఫిల్టర్ కాట్రిడ్జ్‌లన్నీ తీసేయండి. వాటర్ హీటర్ ఆపేసి పూర్తిగా చల్లారనివ్వండి. బ్లీచ్‌ను ఒక బకెట్ నీళ్లలో కలిపి ట్యాంకులో పోసి, ఆపైన ట్యాంకు నిండా నీళ్లు పట్టండి. పంపు వేసి ప్రతి కుళాయీ తిప్పండి. వేడి నీళ్లది, చన్నీళ్లది, షవర్, బయట గోడకున్న చిన్న షవర్, ఏదీ వదలకుండా క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేయండి. కనీసం నాలుగు గంటలు అలా ఉంచాలి. రాత్రంతా ఉంచితే ఇంకా మంచిది. పొద్దున్నే మొత్తం ఖాళీ చేసి, మంచినీళ్లతో నింపి మళ్లీ ఖాళీ చేయండి. ఘాటు పోయేదాకా రెండు మూడు సార్లు ఇదే పని.

బ్లీచ్ ఉండగా వెనిగర్ మాత్రం పోయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఇరుకైన ట్రైలర్‌లో తలుపులు వేసుకుని ఆ పని చేస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అమ్మోనియా ఉన్న క్లీనర్లతో బ్లీచ్ కలిసినా విషవాయువే పుడుతుంది.

చలికాలం గడ్డకట్టకుండా పైపుల్లో గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోసి ఉంటే, అది ఆర్వీల (ట్రైలర్ల లాంటి ప్రయాణపు బండ్ల) కోసం చేసిన ప్రొపిలీన్ గ్లైకాల్ అవునో కాదో అమ్మినవారిని అడగండి. కార్లలో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, మూత్రపిండాలను పాడు చేస్తుంది. సరైనదే పోసి ఉన్నా, బ్లీచ్ పోయడానికి ముందే రంగు, నురగ పోయేదాకా కడిగేయాలి.

ట్యాంకు అంత శ్రద్ధగా కడిగి హోస్ పైపును మరిచిపోతారు చాలామంది. మీ హోస్ చివర రబ్బరు వాషర్‌ను గోటితో పైకి లాగి, దాని వెనక చూపుడువేలు పెట్టి రుద్ది చూడండి. జారుడుగా, గోధుమ రంగు పాకుడు వేలికి అంటిందంటే మీరు కడిగిన ట్యాంకులోకి ప్రతిసారీ అదే వెళ్తోంది. తోటకు నీళ్లు పెట్టే హోస్ దీనికి పనికిరాదు. దాని ప్లాస్టిక్, ఇత్తడి భాగాల నుంచి సీసం లాంటివి నీళ్లలోకి దిగవచ్చు. తాగునీటికి పనికొస్తుందని ముద్ర ఉన్న హోస్ కొని, వాడాక నీళ్లు కార్చేసి, రెండు చివరలూ ఒకదానికొకటి బిగించి దాచండి. మురుగు ట్యాంకు ఖాళీ చేసే చోట కూడా ఒక కుళాయి ఉంటుంది. ఆ కుళాయి మూతికే మురుగు గొట్టాన్ని ఆనించి కడిగేవాళ్లను చూస్తుంటాం. తాగడానికి కాదు అని బోర్డు పెట్టేది అందుకే. తొందరలో ఉన్నా, వెనక బండి హారన్ కొడుతున్నా, అక్కడ మంచినీళ్లు పట్టకండి.

ప్రశ్న: ఎల్లోస్టోన్ నుంచి వచ్చి పది రోజులైంది. నాకు, మా అబ్బాయికి ఇప్పుడు విరేచనాలు మొదలయ్యాయి. కుళ్లిన గుడ్డు వాసనతో త్రేన్పులు, పొట్ట ఉబ్బరం. మలం జిడ్డుగా నీళ్ల మీద తేలుతోంది. ట్రిప్పులో ఒకచోట బావి నీళ్లు ట్యాంకులో పట్టుకున్నాం, అయితే ఫిల్టర్ ఉంది. ఇది ఆ నీళ్ల వల్లేనా?
– ఒక పాఠకుడు, సియాటిల్

జవాబు: మీరు రాసిన లక్షణాలు చూస్తే మొదట అనుమానించాల్సింది జియార్డియా. ఆ పరాన్నజీవి కడుపులో పడ్డాక జబ్బు బయటపడటానికి సాధారణంగా ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. ఈలోపు మనం ఇంటికొచ్చి, బట్టలు ఉతికేసి, ఆఫీసుకు వెళ్తూ, నిన్న తిన్న బిర్యానీ మీద నింద వేస్తుంటాం. డాక్టర్ దగ్గరికి వెళ్లగానే ట్రైలర్ ప్రయాణం సంగతి, బావి నీళ్ల సంగతి మీరే ముందుగా చెప్పండి. మామూలు మల కల్చర్ పరీక్షలో జియార్డియా దొరకదు. యాంటిజెన్ పరీక్షో, పీసీఆరో అడగాలి. తేలితే టినిడజోల్ లాంటి మందులతో తగ్గుతుంది. తగ్గాక కూడా కొన్ని వారాల పాటు పాలు పడకపోవచ్చు. అది జబ్బు తిరగబెట్టడం కాదు, పేగు ఇంకా కోలుకుంటోంది. అప్పటిదాకా మజ్జిగ పలచగా పుచ్చుకోండి. ఇప్పటికైతే ఓఆర్‌ఎస్ తాగుతూ ఉండండి. జ్వరం గానీ, మలంలో రక్తం గానీ ఉంటే విరేచనాలు ఆపే మాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

మీ ఫిల్టర్ ఏ రకమో రాయలేదు. డబ్బా మీద ప్రమాణాన్ని చెప్పే ముద్ర ఎన్‌ఎస్‌ఎఫ్ 42 అని మాత్రమే ఉంటే అది రుచి, వాసన, క్లోరిన్ కోసం చేసినది, జియార్డియాను ఆపుతుందని ఆశ పెట్టుకోకూడదు. ఎన్‌ఎస్‌ఎఫ్ 53 లేదా 58 అని ఉండి, దాని పక్కనే సిస్ట్‌లను, అంటే ఇలాంటి పరాన్నజీవుల గట్టి తొడుగు రూపాలను, తొలగిస్తుందని రాసి ఉండాలి. క్రిప్టోస్పోరిడియం అనే ఇంకో జీవి ఉంది. దానికి క్లోరిన్ అంటే లెక్కలేదు. 1993లో మిల్వాకీ నగరంలో ఊరి నీళ్ల ద్వారానే నాలుగు లక్షల మందికి పైగా దాని వల్ల జబ్బు చేసింది. దాన్ని ఆపేది ఒక మైక్రాన్ అబ్సొల్యూట్ వడపోత, లేదంటే మరగకాచడం. వైరస్‌లేమో ఆ వడపోతను దాటిపోతాయి, క్లోరిన్‌కు లొంగుతాయి. అందుకే ఫిల్టర్, క్లోరిన్ రెండూ కావాలి. ఒకటుంది కదా అని రెండోది మానేయడానికి లేదు.

తెలియని బావి నీళ్లు ట్యాంకులో పోయకండి అనే నేను చెబుతాను. తప్పనిసరైతే ఒక క్యాన్‌లో విడిగా పట్టి కాచుకోండి. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు, 6,500 అడుగులకు పైన మూడు నిమిషాలు. ఎల్లోస్టోన్‌లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఆ ఎత్తు దాటే ఉంది. అంత ఎత్తున నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి ఈ అదనపు సమయం. కాయడం కుదరకపోతే తేటగా ఉన్న నీళ్లకు 6 శాతం బ్లీచ్ గ్యాలన్‌కు ఎనిమిది చుక్కలు వేసి అరగంట ఆగాలి. క్రిప్టో మాత్రం దీనికి చావదని గుర్తుంచుకోండి.

ప్రశ్న: నాకు 70 ఏళ్లు. గుంటూరులో ఉన్నన్నాళ్లూ రోజూ ఉదయం జలనేతి చేసేవాణ్ని. ఇప్పుడు మా అమ్మాయి వాళ్లతో ట్రైలర్‌లో తిరుగుతున్నాను. గోరువెచ్చని కుళాయి నీళ్లలో ఉప్పు కలిపి చేస్తున్నాను. అల్లుడు వద్దంటున్నాడు. తాగడానికి పనికొచ్చిన నీళ్లు ముక్కుకు పనికిరావా?
– ఒక పాఠకుడు, ప్రస్తుతం ఆస్టిన్, టెక్సస్

జవాబు: పనికిరావండి. మీ అల్లుడుగారి మాట వినండి, ఇవాళ్టి నుంచే.

గోరువెచ్చని మంచినీళ్లలో నేగ్లేరియా ఫౌలెరి అనే అమీబా బతుకుతుంది. తాగితే ఏమీ చేయదు, కడుపులోని ఆమ్లానికి చచ్చిపోతుంది. ముక్కు లోపల పైకి వెళ్తే మాత్రం వాసన నరం వెంట మెదడుకు చేరుతుంది. 2024లో మీరున్న టెక్సస్ రాష్ట్రంలోనే, ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో, ఆరోగ్యంగా ఉన్న 71 ఏళ్ల ఆవిడ ఆర్వీ కుళాయి నీళ్లను కాచకుండా ముక్కు కడుక్కోవడానికి వాడారు. నాలుగు రోజుల్లో జ్వరం, తలనొప్పి, తికమక. లక్షణాలు కనబడ్డ ఎనిమిదో రోజుకు చనిపోయారు. ఆ నీళ్లు ఆర్వీ ట్యాంకువా, క్యాంప్‌గ్రౌండ్ కుళాయివా అనేది అధికారులు తేల్చి చెప్పలేకపోయారు. ఇది అరుదైన జబ్బే. అమెరికాలో 1962 నుంచి 2023 దాకా నమోదైనవి 164 కేసులు. వాళ్లలో బతికింది నలుగురే. అందుకే అరుదు కదా అని వదిలేయమని నేను చెప్పలేను.

మీరు కలిపే ఉప్పు దాన్ని చంపుతుందని నమ్మలేం. గోరువెచ్చన దానికి ఇష్టమైన వేడి. మీరు జలనేతి మానక్కర్లేదు. దుకాణంలో డిస్టిల్డ్ నీళ్లు దొరుకుతాయి, అవి వాడండి. లేదా పైన చెప్పినట్టు మరగకాచి, మూతపెట్టి చల్లార్చి, ఆ రోజుకు ఆ రోజు వాడుకోండి. నేతి పాత్రను కూడా ఆ నీళ్లతోనే కడిగి ఆరబెట్టాలి. ఊళ్లో బోరు నీళ్లతో చేసేటప్పుడూ ఇదే పద్ధతి పాటించండి.

ప్రశ్న: మా అత్తగారికి సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు ఉంది. ట్రైలర్ షవర్‌లో వేడినీళ్లతో స్నానం చేస్తే ఆయాసం వస్తుందని భయపడుతున్నారు. నీళ్లతో సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, చికాగో

జవాబు: ఆవిరి, ఇరుకు చోటు కలిసి ఆయాసం తేగలవు. తలుపు కాస్త తెరిచి, ఫ్యాన్ వేసి చూడండి. నాకు అంతకంటే పెద్ద అనుమానం లెజియోనెల్లా. నిలవ ఉన్న నులివెచ్చని నీళ్లలో పెరిగే బ్యాక్టీరియా అది. షవర్ తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా తెస్తుంది. వయసు మళ్లినవారికి, పొగతాగేవారికి, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ముప్పు ఎక్కువ. ట్రైలర్ కొన్ని వారాలు ఆగి ఉంటే ట్యాంకు, హీటర్ ఖాళీ చేసి, పైన చెప్పినట్టు బ్లీచ్‌తో శుద్ధి చేశాకే ఆవిడను స్నానానికి పంపండి. ఆ పని కుదరని రోజు క్యాంప్‌గ్రౌండ్ బాత్‌రూమ్ వాడుకోండి. ప్రయాణం తర్వాత రెండు వారాల్లోపు జ్వరం, దగ్గు, తికమక కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి ట్రైలర్ షవర్ సంగతి చెప్పండి.

ప్రశ్న: నాలుగు నెలల పాప. ఫార్ములా పాలు కలపడానికి క్యాంప్‌గ్రౌండ్ నీళ్లు బాగా కాచి వాడితే చాలా?
– ఒక తల్లి, ఒమాహా, నెబ్రాస్కా

జవాబు: క్రిములకు చాలు, నైట్రేట్‌కు చాలదు. మొక్కజొన్న పొలాల మధ్య బావుల్లో ఎరువుల వల్ల నైట్రేట్ ఉండొచ్చు. అమెరికా నిబంధన ప్రకారం అది నైట్రోజన్ లెక్కన లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. పసిపిల్లల్లో అది రక్తం ఆక్సిజన్‌ను మోయకుండా అడ్డుపడుతుంది. పెదాలు, గోళ్లు నీలంగా మారతాయి. కాచేకొద్దీ నీళ్లు ఆవిరైపోయి నైట్రేట్ చిక్కబడుతుంది తప్ప తగ్గదు. కార్బన్ ఫిల్టర్ దాన్ని ఆపలేదు. పాప పాలకు సీసా నీళ్లే వాడండి. ఫార్ములా పొడికి కాచిన నీళ్లు కావాలని మీ పిల్లల డాక్టర్ చెప్పి ఉంటే ఆ సీసా నీళ్లనే కాచండి. పాప పెదాలు నీలంగా కనిపిస్తే ఆ నిమిషమే 911కు ఫోన్ చేయండి.